బ్లాక్‌బర్న్ జట్టు ఎవరిది?

ఈసారి చరిత్ర పాఠం ఒక ఫుట్‌బాల్ జట్టు గురించి. ఆట తెలియనివాళ్ళు భయపడక్కర్లేదు. డబ్బు అంటే ఏమిటో, ఊరు అంటే ఏమిటో తెలిస్తే చాలు. కష్టమైన మాట వచ్చినచోట అక్కడే తేలికైన మాటల్లో అర్థం చెబుతాను. లెక్కలన్నీ లక్షల్లో, కోట్లలో రాస్తాను. మనలో చాలామందికి అది కూడా ఒక అభ్యాసమే. పది లక్షలు ఒక మిలియన్, కోటి అంటే పది మిలియన్లు. ఇది గుర్తుంచుకోండి.

ముందు ఒక మాట: అభిమానం

తెలుగు సినిమాలు చూసేవాళ్ళకి ‘అభిమాని’ అంటే ఎవరో తెలుసు. కొత్త సినిమా వచ్చిన రోజు తెల్లవారకముందే థియేటర్ దగ్గరికి వెళ్ళేవాడు, హీరో కటౌట్‌కి దండ వేసేవాడు. అయితే ‘అభిమానం’ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. మొదటిది ప్రేమ. “తాతగారికి చిన్న మనవరాలంటే ఎంతో అభిమానం” అంటాం. రెండోది ఆత్మగౌరవం. “అభిమానం చంపుకుని అప్పు అడిగాడు” అంటే, తన గౌరవాన్ని పక్కన పెట్టి అడిగాడు అని. “ఆవిడ అభిమానం గల మనిషి” అంటే, ఎవరైనా చిన్నచూపు చూస్తే ఊరుకోదు అని.

ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఎలా ఇమిడాయో తెలియాలంటే బ్లాక్‌బర్న్ రోవర్స్ జట్టు కథ చదవాలి.

నేతపని ఊరు

బ్లాక్‌బర్న్ ఇంగ్లండ్ ఉత్తరభాగంలో, లాంకషైర్‌లో ఉంది. జనాభా సుమారు లక్ష. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఊరంతా మరమగ్గాలే. మరమగ్గం అంటే యంత్రంతో నడిచే మగ్గం. ఆ మగ్గాల మీద నేసిన బట్టలో చాలా భాగం మన దేశానికే వచ్చేది. మన తాతముత్తాతలు కట్టిన పంచెల్లో కొన్ని ఇక్కడ నేసినవే అయి ఉంటాయి. 1931లో గాంధీగారు లండన్ వచ్చినప్పుడు లాంకషైర్ కూడా వెళ్ళారు. విదేశీ బట్టల బహిష్కారం వల్ల పని పోగొట్టుకున్న మిల్లు కార్మికులతో మాట్లాడారు. ఆయన బస చేసింది బ్లాక్‌బర్న్ పక్కనే ఉన్న డార్వెన్‌లో. ఈ డార్వెన్ పేరు మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

రోవర్స్ జట్టు 1875లో మొదలైంది. 1888లో ప్రపంచంలోనే మొదటి ఫుట్‌బాల్ లీగ్ పెట్టినప్పుడు అందులో చేరిన పన్నెండు జట్లలో ఇది ఒకటి. 1890 నుంచి ఈవుడ్ పార్క్ అనే మైదానంలోనే ఆడుతోంది. జట్టు ధ్యేయవాక్యం లాటిన్‌లో ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే “నేర్పుతో, శ్రమతో”. నేతగాళ్ళ ఊరికి తగిన మాట.

మొదటి డబ్బు గొడవ

ఫుట్‌బాల్‌ని డబ్బు ఈమధ్యే పాడుచేసిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ గొడవ ఆటతోపాటే పుట్టింది.

1870ల చివర్లో ఆటగాళ్ళకి డబ్బివ్వడం తప్పు. ఆటని సరదాకి ఆడాలి, కూలికి ఆడకూడదు అన్నారు. ఈ నియమం పెట్టింది పెద్ద పెద్ద బళ్ళలో చదువుకున్న ధనవంతులు. వాళ్ళకి శనివారం సెలవు పెడితే పోయే కూలీ లేదు. మిల్లులో పనిచేసేవాడికి పోతుంది.

ఆ రోజుల్లో గ్లాస్గో నుంచి ఫెర్గస్ సూటర్ అనే రాతిపనివాడు డార్వెన్ వచ్చి అక్కడి జట్టులో చేరాడు. కొన్నాళ్ళకి రాతిపని మానేశాడు. మరి ఎలా బతుకుతున్నాడు? డబ్బు ఎవరో ఇస్తున్నారని అందరూ అనుకున్నారు. 1880లో అతను డార్వెన్‌ని వదిలి పక్క ఊరి రోవర్స్‌లో చేరాడు. డార్వెన్ జనానికి ఒళ్ళు మండింది. ఎక్కువ డబ్బు చూపించి మా ఆటగాణ్ణి లాక్కున్నారు అన్నారు. ఆ ఏడాది రెండు జట్లూ ఆడిన మ్యాచ్‌లో జనం మైదానంలోకి దూసుకొచ్చారు. ఆట మధ్యలోనే ఆగిపోయింది. అప్పటికి టీవీ లేదు, కోట్లు లేవు. అయినా పెద్ద డబ్బు మీద చిన్న ఊరి కోపం అప్పుడే ఉంది.

1883లో ఇంకో వింత జరిగింది. బ్లాక్‌బర్న్‌లోనే ‘ఒలింపిక్’ అనే మరో జట్టు ఉండేది. అందులో నేతపనివాళ్ళు, నూలు వడికే కార్మికులు, ఒక ప్లంబర్ ఉన్నారు. వాళ్ళకి సాయం చేసింది సిడ్నీ యేట్స్ అనే ఇనుప ఫౌండ్రీ యజమాని. ఫైనల్‌కి ముందు జట్టుని సముద్రతీరానికి, బ్లాక్‌పూల్‌కి, పంపి సాధన చేయించారు. లండన్‌లో జరిగిన ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో ఒలింపిక్ 2-1 తో ఓల్డ్ ఈటోనియన్స్‌ని ఓడించింది. ఓల్డ్ ఈటోనియన్స్ అంటే ఈటన్ అనే గొప్పవాళ్ళ బడిలో చదివినవాళ్ళ జట్టు. పనివాళ్ళ జట్టు ఆ కప్పు గెలవడం అదే మొదటిసారి. తర్వాత మూడేళ్ళు, 1884, 1885, 1886లో, రోవర్స్ వరసగా కప్పు గెలిచింది. 1885లో ఆటగాళ్ళకి జీతం ఇవ్వడాన్ని అధికారికంగా ఒప్పుకున్నారు.

చూశారా? డబ్బు లేకపోతే నేతగాడు ఈటన్ వాళ్ళని గెలిచేవాడు కాదు. డబ్బున్న చోటికి సూటర్ వెళ్ళిపోతే డార్వెన్ ఏడిచింది. ఒకే డబ్బు ఒకరికి తలుపు తీసింది, ఇంకొకరి తలుపు మూసింది. 1889లో ఒలింపిక్ కూడా ఖర్చులు భరించలేక మూతపడింది.

యజమానా, ధర్మకర్తా?

జట్లు కంపెనీలుగా మారుతున్న కాలంలో, అంటే ఆ శతాబ్దం చివర్లో, ఫుట్‌బాల్ సంఘం ఒక మంచి నియమం పెట్టింది. జట్టు డైరెక్టర్లు జీతం తీసుకోకూడదు. వాటాదారులు లాభంలో కొద్ది భాగమే తీసుకోవాలి. జట్టు పేరుకి కంపెనీయే. కానీ లాభం కోసం నడిపే దుకాణం కాదు అని దాని అర్థం.

ఇలాంటి మనిషికి తెలుగులో చక్కటి మాట ఉంది: ధర్మకర్త. నేను వారాంతాల్లో గుడిలో సేవ చేస్తాను కాబట్టి ఈ మాట నాకు బాగా దగ్గర. గుడి భూములు, నగలు దేవుడివి. మన దేశంలో చట్టం కూడా అదే చెబుతుంది. ధర్మకర్త వాటిని చూసుకుంటాడు, లెక్క రాస్తాడు, అడిగితే లెక్క చెబుతాడు. తాళంచెవులు అతని దగ్గరే ఉంటాయి, కానీ ఇల్లు అతనిది కాదు. యజమాని అలా కాదు. తన సొత్తుని తనకి తోచినట్టు చేసుకోవచ్చు.

దాదాపు వందేళ్ళు ఇంగ్లండ్‌లో జట్లని నడిపినవాళ్ళు కాగితం మీద యజమానులు, పద్ధతిలో ధర్మకర్తలు. అందరూ మంచివాళ్ళని కాదు. చాలామంది పెంకివాళ్ళు, పొదుపుగాళ్ళు. కానీ ఊళ్ళోనే ఉండేవాళ్ళు. శనివారం ఓడిపోతే సోమవారం బజారులో ఎవరో ఒకరు నిలదీసేవారు. 1983లో లండన్ జట్టు టోటెన్‌హామ్ పైన ఒక హోల్డింగ్ కంపెనీ పెట్టి షేర్లని స్టాక్ మార్కెట్‌లో అమ్మింది. పాత నియమం జట్టుకి వర్తిస్తుంది, పైనున్న కంపెనీకి వర్తించదు. అలా గోడకి కన్నం పడింది. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలైంది. మొదటి ఐదేళ్ళ టీవీ ఒప్పందం విలువే 30 కోట్ల 40 లక్షల పౌండ్లు అని ప్రకటించారు. ఇక అందరి కళ్ళూ ఫుట్‌బాల్ మీద పడ్డాయి.

జాక్ వాకర్ కాలం

బ్లాక్‌బర్న్ కుర్రవాడు జాక్ వాకర్. 1929లో పుట్టాడు. తండ్రి పెట్టిన చిన్న రేకుల పనిని అన్నదమ్ములు పెద్ద ఉక్కు వ్యాపారం చేశారు. 1989లో దాన్ని 30 కోట్ల పౌండ్లకి పైగా అమ్మారు. చిన్నప్పటినుంచీ అతను రోవర్స్ అభిమాని. 1991లో జట్టుని తన చేతిలోకి తీసుకున్నాడు. అప్పటికి రోవర్స్ పై డివిజన్‌లో ఆడి పాతికేళ్ళు అయింది.

అతను చేసింది మామూలు ఖర్చు కాదు. లివర్‌పూల్‌ని గెలిపించిన కెనీ డాల్‌గ్లీష్‌ని మేనేజర్‌గా తెచ్చాడు. 1992లో జట్టు పై డివిజన్‌కి వచ్చింది. ఆ వేసవిలో అలన్ షియరర్‌ని 36 లక్షల పౌండ్లకి కొన్నారు. అప్పటికి బ్రిటన్‌లో అదే రికార్డు. 1994లో క్రిస్ సటన్‌కి 50 లక్షలు. అదీ రికార్డే. మైదానంలో మూడు వైపులా పాత గ్యాలరీలు తీసేసి కొత్తవి కట్టించాడు.

1995 మే 14. సీజన్‌లో చివరి రోజు. రోవర్స్ లివర్‌పూల్‌లో 2-1 తో ఓడిపోయింది. కానీ అదే సమయానికి లండన్‌లో మాంచెస్టర్ యునైటెడ్ గెలవలేక డ్రాతో సరిపెట్టుకుంది. 89 పాయింట్లు, 88 పాయింట్లు. ఒక్క పాయింటు తేడాతో లక్ష జనాభా ఉన్న ఊరు ఇంగ్లండ్ విజేత అయింది. అంతకు ముందు గెలిచింది 1914లో, అంటే 81 ఏళ్ళ క్రితం. కప్పు పట్టుకున్నప్పుడు వాకర్ కళ్ళల్లో నీళ్ళు.

మిగతా దేశం మాత్రం సణిగింది. టైటిల్‌ని డబ్బుతో కొనుక్కున్నారు అంది. ఆ మాట అబద్ధం కాదు. మరి బ్లాక్‌బర్న్ జనం ఎందుకు సిగ్గుపడలేదు? ఎందుకంటే ఆ డబ్బు వాళ్ళకి పరాయిది అనిపించలేదు. ఒక ఊరి మనిషి ఊళ్ళో సంపాదించింది ఊరికి తిరిగి ఇచ్చాడు అనుకున్నారు. పన్నుల కారణంగా వాకర్ జెర్సీ ద్వీపంలో ఉండేవాడు, నిజమే. అయినా మ్యాచ్‌లకి వచ్చేవాడు, కనిపించేవాడు, వాళ్ళ యాసలోనే మాట్లాడేవాడు. ఇక్కడ అభిమానానికి ఉన్న రెండు అర్థాలూ నిండాయి. ప్రేమా ఉంది, గౌరవమూ దక్కింది.

ఆ వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. 1996లో షియరర్‌ని కోటిన్నర పౌండ్లకి న్యూకాసిల్ కొంది. 1999లో జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది. 2000 ఆగస్టులో వాకర్ చనిపోయాడు. మరుసటి ఏడాది జట్టు మళ్ళీ పైకి వచ్చింది, 2002లో లీగ్ కప్ గెలిచింది. వాకర్ కుటుంబ ట్రస్టు జట్టుని 2010 వరకూ నిలబెట్టింది. ఈవుడ్ పార్క్ బయట ఇప్పుడు అతని విగ్రహం ఉంది.

హైదరాబాదులో పుట్టిన కంపెనీ

ఇప్పుడు మన వైపు కథ. 1971లో హైదరాబాదులో బి.వి. రావుగారు వెంకటేశ్వర హ్యాచరీస్ మొదలుపెట్టారు. హ్యాచరీ అంటే గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని పెంచే చోటు. దేశంలో కోళ్ళ పెంపకాన్ని ఒక పరిశ్రమగా మార్చినవాళ్ళలో ఆయనది మొదటి పేరు. గుడ్ల ధర రైతే నిర్ణయించుకోవాలని 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని స్థాపించడంలో ముందు నిలిచారు. 1990లో పద్మశ్రీ వచ్చింది. 1996లో కన్నుమూశారు. తర్వాత పుణే కేంద్రంగా వ్యాపారాన్ని ఆయన పిల్లలు, అనురాధా దేశాయ్, వెంకటేశ్ రావు, బాలాజీ రావు, నడిపారు. వాళ్ళ బ్రాండు పేరు వెంకీస్.

2010 నవంబరులో ఈ కుటుంబం బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని 2 కోట్ల 30 లక్షల పౌండ్లకి కొంది. ప్రీమియర్ లీగ్‌లో ఒక జట్టుని భారతీయ కంపెనీ కొనడం అదే మొదలు. ఇక్కడున్న మనవాళ్ళు చాలామంది గర్వపడ్డారు. ఒకప్పుడు మనకి పంచెలు అమ్మిన ఊరి జట్టు మనవాళ్ళ చేతిలోకి వచ్చింది కదా!

నెల తిరగకుండానే మేనేజర్ సామ్ అలర్డైస్‌ని తీసేశారు. జట్టు అప్పుడు 13వ స్థానంలో ఉంది, ప్రమాదంలో లేదు. అతని స్థానంలో కోచ్‌గా ఉన్న స్టీవ్ కీన్‌ని పెట్టారు. అంతకుముందు అతను మేనేజర్‌గా ఎక్కడా చేయలేదు. రొనాల్దీన్యో, బెక్‌హమ్ లాంటి పెద్ద పేర్లు వినిపించాయి, వాళ్ళెవరూ రాలేదు. ఆటగాళ్ళు కోడిమాంసం తింటున్న టీవీ ప్రకటన ఒకటి మాత్రం వచ్చింది.

మొదటి ఏడాది జట్టు చివరి రోజున గట్టెక్కింది. గట్టెక్కడం అంటే ఏటిలోంచి ఒడ్డుకి చేరడం, ప్రమాదం తప్పించుకోవడం. రెండో ఏడాది గట్టెక్కలేదు. ప్రతి మ్యాచ్‌లోనూ నిరసనలు. 2012 మే 7న విగన్ జట్టుతో ఆడుతుండగా ఎవరో ఒక కోడికి రోవర్స్ జెండా చుట్టి మైదానంలోకి వదిలారు. ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది, నవ్వింది. ఆ సాయంత్రమే జట్టు ఓడిపోయి, పదకొండేళ్ళ తర్వాత కింది డివిజన్‌కి దిగిపోయింది.

తర్వాత మేనేజర్లు సత్రంలో బాటసారుల్లా వచ్చి వెళ్ళారు. 1995 జట్టులో ఆడిన హెనింగ్ బెర్గ్ ఉన్నది 57 రోజులు. అతని తర్వాత మైకేల్ ఆపిల్టన్ 67 రోజులు. ఒప్పందం ప్రకారం బెర్గ్‌కి 22 లక్షల 50 వేల పౌండ్లు ఇవ్వాలని హైకోర్టు చెప్పింది. ఆ ఒప్పందం మీద సంతకం చేసే అధికారం మా మేనేజింగ్ డైరెక్టర్‌కి లేదని క్లబ్బే వాదించింది! ఇంటి పెద్ద ఎవరో ఇంట్లోవాళ్ళకే తెలియని పరిస్థితి. 2017లో జట్టు మూడో డివిజన్‌కి పడింది. ప్రీమియర్ లీగ్ గెలిచిన జట్టు అంత కిందికి వెళ్ళడం అదే మొదటిసారి. మరుసటి ఏడాదే, టోనీ మౌబ్రే మేనేజర్‌గా, రెండో డివిజన్‌కి తిరిగి వచ్చింది.

కోపం దేని మీద?

మా గుడిలో వడ్డనకి వచ్చే ఒక కుర్రవాడు రోవర్స్ అభిమాని. వాళ్ళ నాన్నగారిది గుంటూరు. ఒకసారి నాతో అన్నాడు: “అంకుల్, గ్రౌండ్‌లో అందరితోపాటు నేనూ ఓనర్లని తిడతాను. కానీ పక్కవాడు ‘ఇండియన్స్’ అని మొదలుపెడితే నాకు గుచ్చుకుంటుంది. వాళ్ళు మనవాళ్ళే కదా, నేను ఎటు నిలబడాలి?”

నేను చాలా రోజులు ఆలోచించాను. బాబూ, యజమానిని నిలదీయడం వేరు, అతని దేశాన్ని తిట్టడం వేరు. రెండోది జరిగితే అక్కడే ఆపాలి. మొదటిదానికి మాత్రం నీకు పూర్తి హక్కు ఉంది. మనవాళ్ళని ప్రశ్నించకుండా వదిలేయడం వాళ్ళకి గౌరవం ఇవ్వడం కాదు.

బ్లాక్‌బర్న్ జనం కోపం డబ్బు చాలలేదని కాదు. నిజానికి ఈ కుటుంబం లాభం ఏమీ తీసుకోలేదు. ఏటేటా నష్టాలని తన జేబులోంచే పూడుస్తూ వచ్చింది. వాకర్ పోశాడు, వీళ్ళూ పోశారు. తేడా ఎక్కడుంది? ఒకటి, వీళ్ళు ఏళ్ళ తరబడి మైదానంలో కనిపించలేదు. రెండు, పెద్ద నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారో, ఎందుకో చెప్పలేదు. అభిమానులు అడిగింది మొదట ఒక జవాబు. జవాబు రానప్పుడే కోడి వచ్చింది. మన మాటలో చెప్పాలంటే, వాళ్ళ ప్రేమ చావలేదు, రెండో అర్థంలో ఉన్న అభిమానం దెబ్బతింది.

మరి డబ్బు ఆగిపోతే?

కథ ఇక్కడే అయిపోతే తేలికగా ఉండేది. “యజమానులు పోవాలి” అని అరిచి ఊరుకోవచ్చు. కానీ అదే లాంకషైర్ ప్రాంతపు పాత జట్టు బరీ సంగతి చూడండి. 1885లో పుట్టింది, రెండుసార్లు ఎఫ్‌ఏ కప్ గెలిచింది. 2018లో అది ఒక్క పౌండుకి చేతులు మారింది. కొత్త యజమాని అవసరమైన డబ్బు చూపలేకపోయాడు. 2019 ఆగస్టులో ఆ జట్టుని లీగ్ నుంచి తీసేశారు. ముసలివాళ్ళు మైదానం గేటు దగ్గర నిలబడి ఏడ్చారు.

అందుకే రోవర్స్ అభిమానులకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి అంటే బావి. ఎటు అడుగు వేసినా పడిపోయే పరిస్థితి అన్నమాట. యజమానులు వెళ్ళిపోవాలి అనుకుంటారు, వెళ్ళిపోతే నష్టాలు ఎవరు కడతారు అని భయపడతారు. డబ్బుకి లోకం దాసోహం అంటారు. ఫుట్‌బాల్‌లో అయితే జట్టే దాసోహం.

ఈ చిక్కుని మంచి మనుషులొస్తారనే ఆశకి వదిలేయకూడదని ఇంగ్లండ్ మెల్లగా నేర్చుకుంది. 2021 ఏప్రిల్‌లో ఆరు పెద్ద ఇంగ్లిష్ జట్లు యూరప్ ‘సూపర్ లీగ్’లో చేరతామన్నాయి. అభిమానులు వీధుల్లోకి వచ్చారు, మూడు రోజుల్లోనే ఆరూ వెనక్కి తగ్గాయి. అదే ఏడాది అభిమానుల వైపునుంచి ఒక పెద్ద విచారణ జరిగింది. చివరికి 2025 జులైలో ఫుట్‌బాల్ పరిపాలన చట్టం వచ్చింది. ఇప్పుడు ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థ ఉంది. జట్టు కొనేవాడి డబ్బు ఎక్కడిదో, అతను తగినవాడో కాదో అది చూస్తుంది. జట్టు రంగులు, చిహ్నం లాంటివి మార్చాలంటే అభిమానుల మాట వినాలి.

జర్మనీ పద్ధతి ఇంకా గట్టిది. అక్కడ కొన్ని జట్లు తప్ప, ఓట్లలో సగం కన్నా ఎక్కువ జట్టు సభ్యుల దగ్గరే ఉండాలి. ఎంత ధనవంతుడైనా ఒక్కడే తాళంచెవులన్నీ తీసుకోలేడు.

కొత్త చట్టం బ్లాక్‌బర్న్‌కి మళ్ళీ 1995ని తేదు. ఏ చట్టమూ గోల్ కొట్టదు. కానీ 1890లలో పెట్టిన నియమం వెనక ఉన్న ఆలోచన అందులో మళ్ళీ కనిపిస్తోంది. వందేళ్ళ పాటు ఒక తాత, అతని కొడుకు, మనవడు వరసగా వెళ్ళి కూర్చున్న కుర్చీని ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ వంద శనివారాలనీ, వెయ్యి శనివారాలనీ కొనలేరు. కుర్చీ కొన్నవాడు కనీసం వచ్చి, పక్కన కూర్చున్న మనిషి అడిగినదానికి జవాబు చెప్పాలి. ధర్మకర్త చేసే పని అదే.

మీకు కూడా చిన్నప్పటినుంచీ ఏదో ఒక జట్టు ఉండే ఉంటుంది. అది డర్బన్‌లో కావచ్చు, కౌలాలంపూర్‌లో కావచ్చు, మాంచెస్టర్‌లో కావచ్చు. దాని యజమాని ఎవరు, అభిమానులు అడిగితే అతను జవాబు చెబుతాడా? పది వాక్యాలు తెలుగులో రాయడానికి ప్రయత్నించండి. ‘అభిమానం’ అనే మాటని రెండుసార్లు వాడండి, ఒక్కో అర్థంలో ఒక్కోసారి.